సదస్సుకి అక్క పంపిన పేజీ

మొన్న మధ్యాహ్నం మా మనవరాలు అన్నం కూడా సరిగా తినకుండా కంప్యూటరు ముందు కూర్చొని తనలో తను గొణుక్కుంటూ ఉంటే, ఏమిటమ్మా అంత తొందర అని అడిగాను. ఎక్కడో దూరాన చదువుల మీద పరిశోధన చేసేవాళ్ళ సదస్సు జరుగుతుందట, అక్కడ మాట్లాడాలంటే ముందుగా ఏం మాట్లాడబోయేదీ కొద్ది మాటల్లో రాసి పంపాలట, ఆ గడువు కాస్తా ఆ సాయంత్రంతో సరి. మాటలు ఎక్కువైతే ఆ యంత్రమే ఒప్పుకోదట. ఒకటి తీసేసి ఇంకొకటి పెట్టి, చివరికి ఏదో నొక్కింది. నేను కాఫీ కలిపి తెచ్చేలోగా అందిందని జవాబు కూడా వచ్చేసింది. తను హాయిగా వెళ్ళి పడుకుంది. నేనూ నడుము వాల్చాను గాని కళ్ళు మూతపడలేదు. ఇదే పనికి మా పెద్దక్క మూడేళ్ళు పడిగాపులు పడింది, ఆ మూడేళ్ళూ నేను ఆమె పక్కనే ఉన్నాను.

మాది గూడూరు. నాన్న బియ్యం మిల్లులో గుమాస్తా. పెద్దక్కకు చిన్నతనంలోనే పెళ్ళయింది, రెండేళ్ళు తిరగకుండానే బావ పోయాడు. అప్పట్లో అలాంటి ఆడపిల్లను ఏం చేసేవాళ్ళో మీకు నేను చెప్పనక్కర్లేదు, వంటింట్లో ఒక మూల చూపించేవాళ్ళు. మా నాన్న ఎవరి మాటా వినకుండా ఆమెను టీచరు ట్రైనింగులో చేర్పించాడు. అది పూర్తయ్యాక ఉద్యోగం వచ్చింది, కాని వచ్చింది ఎక్కడికి? వాకాడు దిగువన, ఉప్పుటేరు దాటి, సరుగుడు తోపుల అవతల సముద్రాన్ని ఆనుకొని ఉన్న చేపలు పట్టేవాళ్ళ పల్లెకి. ఒంటరి ఆడది ఒక్కతే ఎలా ఉంటుందని ఇంట్లో పెద్ద తర్జనభర్జన జరిగింది. నేను అప్పుడే ఐదో తరగతి ముగించి, ఆరులో చేరడానికి పలక బదులు నోటుపుస్తకం కొనిపెట్టమని మారాం చేస్తున్నాను. నాన్న నా వైపు చూశాడు. అంతే, అక్కకు తోడుగా నన్ను పంపారు. ఏడాదికి తిరిగి రావచ్చులే అన్నారు. ఆ ఏడాది ఎప్పటికీ కాలేదు.

ఆ రోజుల్లో ఆ పల్లెకి వెళ్ళడమంటే వాకాడులో బస్సు దిగి, సామాను నెత్తిన పెట్టుకొని ఇసుకలో కాళ్ళు ఈడ్చుకుంటూ నడవడమే. అన్నంలో ఇసుక, పక్కబట్టల్లో ఇసుక, తలలో ఇసుక. బడి తాటాకుల పాక, దానికి ముందు చిన్న వరండా. అక్క ఒక్కతే టీచరు. హాజరు పట్టీలో ఆడపిల్లల పేర్లు చాలానే ఉన్నాయి, పాకలో మాత్రం మగపిల్లలే కూర్చొని ఉండేవాళ్ళు. తల్లులు తెల్లవారగానే చేపల గంపలెత్తుకొని వాకాడు, కోట ఊళ్ళకు పోతే, ఇంట్లో చంటిపిల్లలను మోసేది ఈ ఆడపిల్లలే. ఎనిమిదేళ్ళ పిల్ల చంకలో ఏడాది బిడ్డ, ఆ బిడ్డ బరువుకి నడుము ఒక పక్కకి ఒరిగిపోయి ఉండేది.

అక్క గుడిసె గుడిసెకీ వెళ్ళి అడిగింది. ఆ పల్లెలో అందరికీ పెద్ద దిక్కు ఒక ముసలవ్వ. ఇద్దరు కొడుకులను సముద్రానికి పోగొట్టుకొని, ఉన్న ఒక్క కొడుకు పిల్లలను పెంచుకుంటూ ఉండేది. పెద్దవ్వ అనేవాళ్ళం. ఆమె వలకు ముడి వేస్తూ తలెత్తకుండానే అన్నది:

"పంపించమంటే పంపిస్తాను పంతులమ్మా. నా మనవరాలు చంకలో బిడ్డను దించితే ఎవురెత్తుకుంటారు, నువ్వెత్తుకుంటావా?"

"ఎత్తుకుంటాను. బిడ్డతో సహా పంపించు" అన్నది అక్క.

అన్నది అక్క, ఎత్తుకున్నది నేను. మర్నాటి నుంచి ఆడపిల్లలు తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ తీసుకొని రావడం మొదలుపెట్టారు. వరండా దూలాలకు పాతచీరలు కట్టి ఊయలలు వేశాను. ఒకడు నిద్రపోతే ఇంకొకడు లేచేవాడు, ఒకదానికి ముక్కు కారుతుంటే ఇంకొకతి ఇసుక తింటూ ఉండేది. ఏ బిడ్డ ఆకలికి ఏడుస్తుందో, ఏది నిద్రకు ఏడుస్తుందో గొంతును బట్టి తెలిసిపోయేది. లోపల అక్క ఎక్కాలు చెప్పిస్తుంటే నేను ఆ లయకే ఊయల ఊపేదాన్ని. అక్కలు పలక పట్టుకొని లోపల, తమ్ముళ్ళు నా దగ్గర బయట. పాకలో మొదటిసారి ఆడపిల్లలు ఒక వరుస నిండా కూర్చున్న రోజు అక్క సాయంత్రం అన్నం వండుతూ ఊరికే కళ్ళు తుడుచుకుంది. పొగ అని చెప్పింది గాని ఆ పూట పొయ్యిలో పుల్లలు బాగా ఎండినవే.

కొన్నేళ్ళు అట్లా గడిచాయి. నాకు పదిహేను నిండగానే సంగం ఊరి నుంచి ఒక సంబంధం గురించి నాన్న మాటలు మొదలుపెట్టాడు. అప్పటి నుంచి అక్కకు ఒకటే దిగులు. నేను వెళ్ళిపోతే బిడ్డలను చూసేదెవరు? చూసేవాళ్ళు లేకపోతే ఈ ఆడపిల్లలు మళ్ళీ బిడ్డలను చంకనేసుకొని గుమ్మంలో కూర్చుంటారు. పల్లెలో ఆడవాళ్ళంతా గంపలతో పోయేవాళ్ళే, పని మాని వచ్చి కూర్చునేందుకు ఎవరికీ వీల్లేదు. బడికి ఒక ఆయాను ఇవ్వమని పైవాళ్ళకు రాసుకుంటే, ఒంటి టీచరు బడికి అటువంటి ఏర్పాటు లేదని ముక్తసరి జవాబు వచ్చింది.

అప్పుడు అక్కకు ట్రైనింగులో పాఠం చెప్పిన మాస్టారు ఒక దారి చూపించారు. చదువుల మీద పరిశోధనలు చదివే సదస్సు ఏటా ఒక ఊళ్ళో జరుగుతుందనీ, దానికి పెద్ద పెద్ద అధికారులు వచ్చి కూర్చుంటారనీ, చిన్న బళ్ళ టీచర్లు కూడా మాట్లాడవచ్చనీ, కాకపోతే ముందుగా ఒక పేజీలో విషయం రాసి పంపి ఒప్పించుకోవాలనీ రాశారు. ఆయా అవసరం ఆ అధికారుల చెవిన నేరుగా పడితే ఇస్తారేమోనని అక్క ఆశ. ఆ ఆశతోనే మొదలైంది అసలు కథ.

మొదటి ఏడు అక్క మనసులో ఉన్నదంతా రాసింది. ఏ పిల్ల ఎట్లా వచ్చేదీ, ఏ బిడ్డ ఎంత అల్లరి చేసేదీ, ఒకతి తొలిసారి తన పేరు రాసుకొని అమ్మకు చూపించడానికి వాకాడు దాకా పరిగెత్తినదీ అన్నీ. పేజీకి పట్టక అంచుల్లో కూడా రాసింది. అది తిరిగి వచ్చింది. ఇది ఉత్తరంలాగ ఉంది, ఇందులో పరిశోధన ఏదీ అని కింద ఎర్రసిరాతో రాసి ఉంది. అక్క ఆ కాగితాన్ని మడిచి ట్రంకుపెట్టెలో పెట్టి, ఆ పూట పిల్లలకు కథ చెప్పకుండానే బడి వదిలేసింది.

రెండో ఏడు మాస్టారు దగ్గరికి వెళ్ళి నేర్చుకొని వచ్చింది. ఉద్దేశం ఒక చోట, పద్ధతి ఒక చోట, ఫలితం ఒక చోట. పిల్లల పేర్లు ఉండకూడదట, పంపేవాళ్ళ పేరు వేరే కాగితం మీద రాయాలట, మూడు ప్రతులు కావాలట. కార్బను కాగితం పెట్టి ఒత్తి రాసి రాసి అక్క వేలికి కాయ కాసింది. ఈసారి వచ్చిన చిక్కేమిటంటే అది పై ఆఫీసు గుండానే వెళ్ళాలి. ఆఫీసులో గుమాస్తాకు ఒక అనుమానం వచ్చింది, ఈ ఊయలలు బడి సామాను పట్టీలో ఎందుకు లేవని. సర్కారు ఇవ్వని ఊయల సర్కారు బడిలో ఎట్లా వేలాడుతుందని. దానికి అక్క సంజాయిషీ రాసి, వాళ్ళు దానికి ఇంకో ప్రశ్న వేసి, ఇదంతా తెమిలేసరికి సదస్సు జరగడం, ముగియడం రెండూ అయిపోయాయి. ఆ మాట చెప్పిన తపాలా ఆయన ముఖం చూసి మేమిద్దరం నవ్వాం. అలసిపోయినప్పుడు కూడా ఒక్కోసారి నవ్వే వస్తుంది.

మూడో ఏడు సదస్సు నెల్లూరులోనే. నా పెళ్ళి కూడా ఆ వచ్చే వైశాఖానికి ఖాయమైంది. కనుక ఇదే ఆఖరి అవకాశమని అక్కకు తెలుసు, నాకూ తెలుసు. చాలా ముందుగా పంపింది. ఇన్‌స్పెక్టరు గారు వచ్చి చూసి ఇదంతా నిజమేనని రాసిస్తే తీసుకుంటామని జవాబు వచ్చింది.

ఆయన వచ్చారు. మంచి మనిషి, భారీ శరీరం, ఇసుకలో నడిచి వచ్చిన ఆయాసంతో ముందు మజ్జిగ అడిగి తాగారు. ఆడపిల్లలను ఎక్కాలు అడిగారు, టకటకా చెప్పారు. వరండాలోకి వచ్చి నన్ను చూసి, నువ్వేనా ఇంతమందికి తల్లివి అని నవ్వించారు. అప్పుడే ఒక పిల్ల పాలు పట్టించడానికని తన తమ్ముణ్ణి ఊయలలోంచి తీసుకొని వెళ్ళింది. ఆ ఊయల పక్కన నిలబడి, అక్కతో సంతోషంగా మాట్లాడుతూ, ఆయన చేత్తో ఆ వట్టి ఊయలను ఊపుతూ ఉండిపోయారు. వట్టి ఊయల ఊపకూడదంటారు. కాని అంత పెద్దాయనను చెయ్యి తీయమని ఎట్లా చెప్పను? ఆఫీసరు వచ్చాడని చూడటానికి వచ్చిన ఇద్దరు తల్లులు మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వెళ్ళిపోయారు.

మర్నాడు ఒక్క బిడ్డ కూడా రాలేదు. బిడ్డ రాకపోతే ఆ బిడ్డను ఎత్తుకొచ్చే ఆడపిల్ల కూడా రాదు కదా. ఆ మర్నాడూ అంతే. పాకలో మళ్ళీ మగపిల్లలే. వరండా ఎంత పెద్దదో నాకు ఆ రోజు తెలిసింది.

ఇన్‌స్పెక్టరు గారు పొగుడుతూ రాసిచ్చిన కాగితం అప్పటికే వెళ్ళిపోయింది, వారం తిరగకుండా సదస్సు వాళ్ళ ఒప్పుదల కూడా వచ్చింది, ఫలానా రోజు ఫలానా వేళకు వచ్చి మాట్లాడమని. మూడేళ్ళు ఎదురుచూసిన ఆ కార్డు చేతిలో పట్టుకొని అక్క గుమ్మంలో కూలబడిపోయింది. ఆడపిల్ల ఒక్కతీ లేని బడి గురించి నేను అక్కడికి పోయి ఏం చెప్పనే అన్నది. చెబితే అబద్ధం, మానుకుంటే ఆయా రాదు.

సాయంత్రం ఇద్దరం పెద్దవ్వ గుడిసెకు వెళ్ళాం. ఆమె మమ్మల్ని కూర్చోమని చాప వేసింది.

"ఆయప్ప వట్టి ఊయల ఊపినాడమ్మా. మా కోడలు కళ్ళారా చూసింది. ఆఫీసరని నోరు మూసుకొని వచ్చేసింది గానీ, ఆ గుడ్డలో మళ్ళా బిడ్డను ఎట్టా పండబెట్టేది, నువ్వే చెప్పు."

అక్క తాను చదివిన చదువులో ఒక్క ముక్క కూడా అక్కడ తీయలేదు. మా అమ్మ కూడా ఇంట్లో వట్టి ఊయలను ముట్టుకోనిచ్చేది కాదు, బిడ్డకు కీడని. తప్పు జరిగింది అవ్వా, దీనికి ఏం చేయాలో నువ్వే చెప్పు అని మాత్రం అడిగింది. పెద్దవ్వ వల పక్కన పెట్టింది. ఆ గుడ్డలన్నీ తీసి సముద్రంలో కలిపేయాలి, బిడ్డల్లో ఒక్కరినీ పోగొట్టుకోని తల్లి కట్టుకున్న చీరతో కొత్త ఊయల కట్టాలి, దాంట్లో ముందు రుబ్బురోటి పొత్రం పండబెట్టి ఊపాలి, ఆ తరువాతే బిడ్డ అన్నది.

వినడానికి ఎంత సులువు. కాని ఆ పల్లెలో బిడ్డను పోగొట్టుకోని తల్లి కోసం వెతుకుతుంటే తెలిసింది, ప్రతి ఇంట్లో ఒకరు జ్వరానికో నీళ్ళకో పోయినవాళ్ళే. పెద్దవ్వ సరేసరి. చివరికి మిగిలింది ఆమె కోడలే, మెట్ల దగ్గర నిలబడి చూసిన మనిషి. ఆమెకు కట్టు చీర కాక మార్చుకోవడానికి ఉన్నది ఇంకొక్కటే. అది తీసి ఇచ్చేసింది. అక్క వాకాడు నుంచి చీర తెప్పించి ఇస్తే చాలా రోజులు ముట్టుకోలేదు, ఇచ్చిన దానికి బదులు తీసుకుంటే ఊయలకు మంచిది కాదని.

ఊయల కట్టిన రోజు మా ఇంటి పొత్రం నేనే కడిగి పసుపు రాసి తెచ్చాను. కోడలు దాన్ని ఊయలలో పెట్టి ఊపింది, ఆడవాళ్ళు చుట్టూ మూగారు. అక్క మాత్రం తనంతట తనే వెళ్ళి దూరంగా సరుగుడు చెట్ల దగ్గర నిలబడింది. నిలబడమని ఎవరూ అనలేదు, రమ్మనీ ఎవరూ అనలేదు. ఆ మర్నాడు ఆడపిల్లలు బిడ్డలతో వచ్చారు. ఆ మర్నాడే మేము నెల్లూరు బస్సెక్కాం.

సదస్సు దగ్గర ఇన్‌స్పెక్టరు గారు కనిపించి, ఏమ్మా అంతా బాగేనా అని అడిగితే అక్క జరిగింది మెల్లగా చెప్పింది. ఆయన ముఖం చిన్నబోయింది. "మా ఇంట్లో ఆ పని చేస్తే మా అమ్మ నా చెయ్యి విరగ్గొట్టేది. ఆఫీసు పని మీద వచ్చినప్పుడు ఎట్లా మరిచిపోయానో చూడు" అని, వెళ్ళి మా ఇద్దరికీ టిఫిను తానే చెప్పి పెట్టించారు.

పెద్ద హాలు, పంకాలు, కోట్లు వేసుకున్నవాళ్ళు. నన్ను చివరి వరుసలో కూర్చోబెట్టారు. అక్కకు ముందు మాట్లాడినవాళ్ళు ఇంగ్లీషులో చాలా చెప్పారు. అక్క తెలుగులో చెప్పింది. మొదట కాగితం చూసి చదివింది గాని, పిల్లల దగ్గరికి వచ్చేసరికి వరండాలో చెప్పినట్టే చెప్పింది. జనం బాగా విన్నారు. ముందు వరుసలో ఒక పెద్దావిడ, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఆ చంటిపిల్లలను ఇన్నాళ్ళూ ఎవరు చూశారని అడిగింది. అక్క చెయ్యెత్తి నన్ను చూపించింది. హాలంతా వెనక్కి తిరిగింది. ఆవిడ నన్ను ఏం చదువుతున్నావమ్మా అని అడిగితే, లేచి నిలబడి, ఐదు అయిపోయిందండీ అన్నాను. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం నాకు అప్పుడు అర్థం కాలేదు, గౌరవమనుకున్నాను. అక్క మాత్రం చేతిలో కాగితం వైపు చూస్తూ నిలబడిపోయింది.

అధ్యక్షత వహించిన ఆయనే ముందు తేరుకున్నారు. "చాలా మంచి ప్రయత్నం. కాని ప్రతి టీచరుకూ ఇట్లాంటి చెల్లెలు ఉండదు కదమ్మా."

"అందుకేనండీ ఆయాను అడుగుతున్నది" అన్నది అక్క.

అప్పుడే గంట కొట్టారు. ఒక్కొక్కరికీ ఇచ్చిన వేళ అంతే. అందరూ చప్పట్లు కొట్టారు, తరువాతి ఆయన తన కాగితాలు సర్దుకుంటూ పైకి వచ్చాడు.

తిరుగు బస్సులో అక్క కిటికీ వైపు ముఖం పెట్టుకొని కూర్చుంది. గూడూరు దగ్గరపడుతుండగా నా చెయ్యి తీసుకొని ఒళ్ళో పెట్టుకుంది. 

వైశాఖంలో నాకు పెళ్ళయి సంగం వెళ్ళాను. అక్కడ పెన్న నీళ్ళు, పచ్చని వరి మడులు, అత్తగారింటి చాకిరీ. ఆయా రాలేదు. నా చోట పెద్దవ్వ వచ్చి కూర్చుందట, వల ఒక చేత్తో అల్లుకుంటూ ఊయల కాలితో ఊపుతూ. ఏడాదిన్నర నడిపింది. తరువాత ఆమెకు చూపు పోయింది. ఒకతి మానేసింది, ఇంకొకతి మానేసింది. నేను పురిటికి గూడూరు వచ్చినప్పుడు అక్క ఆ పేర్లు ఒక్కొక్కటే చెప్పింది. నేను ఒక్కొక్కరి తమ్ముణ్ణి గుర్తు చేసుకున్నాను.

మళ్ళీ సదస్సుకు పంపకపోయావా అక్కా అని అడిగాను. పంపిందట. ఒకసారి చదివిన విషయం మళ్ళీ తీసుకోరట, ఈ ఏడు కొత్త విషయం ఏదైనా పంపండి అని మర్యాదగా రాశారట. అది చెప్పి నా బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది.

"కష్టం పాతదే కదే. కొత్త విషయం ఎక్కడి నుంచి తెచ్చేది?"

ఆ తరువాత బదిలీల మీద ఎన్నో ఊళ్ళు తిరిగి, ఎన్నో బళ్ళలో చెప్పి రిటైరయింది. ఇంకెప్పుడూ ఏ సదస్సుకీ రాయలేదు. ఆమె పోయి కూడా చాలా కాలమైంది.

ఆ పల్లెకి ఇప్పుడు తారురోడ్డు ఉందట. కృష్ణపట్నం కంపెనీ పనులకు మనుషుల్ని తీసుకుపోయే బండ్లు ఆ పక్క పల్లెల దాకా వస్తాయంటారు. చంటిపిల్లలకు వేరే బడి, వాళ్ళను చూసుకోవడానికి ఆయమ్మ, మధ్యాహ్నం ఉడకబెట్టిన గుడ్డు. మొదటిసారి మా సంగంలో అంగన్‌వాడీ తెరిచినప్పుడు నేను పని మానుకొని వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడి చూశాను. లోపల ఒకామె చాప మీద కూర్చొని ఎవరి బిడ్డకో ముక్కు తుడుస్తోంది. ఎవరి మాట విని పెట్టారో, ఎవరు ఎన్నిసార్లు రాసి పంపితే అయిందో నాకు తెలియదు. మన వయసువాళ్ళు ఇప్పటి సౌకర్యాలు చూసి పిల్లల మీద విసుక్కుంటారు, ఇంత సులువుగా దొరికితే విలువేం తెలుస్తుందని. నాకు అట్లా అనిపించదు, సులువుగానే దొరకనీ. రావలసినవి అన్నీ ఆలస్యంగానైనా వచ్చాయి. వాటి కోసం ఆ ఆడపిల్లల వయసు మాత్రం ఆగి ఉండలేదు.